డ్రైవరుకి కుడిపక్క కూర్చున్న దొర

నా చెవులు రెండూ భేషుగ్గా పనిచేస్తాయి. వాటి నడుమ ఉన్న సరుకు మీదే మా మాస్టారికి అనుమానం. ఏడో తరగతికొచ్చేసరికి ఆయన అనుమానం తీరిపోయింది, బడి అనే బండి నన్ను ఆ స్టాపులోనే దింపేసి ముందుకెళ్లిపోయింది. అప్పట్నుంచీ నా చదువంతా చింతపల్లికీ అరకుకీ మధ్య తిరిగే జీపుల మీదే. మొదట వెనక వేలాడే క్లీనరుని, తర్వాత డ్రైవరుని. కాబట్టి ఇందులో తప్పులుంటాయి. కుదుపులనుకుని సర్దుకుని కూర్చోండి.

మొన్న వానలు వెనకబట్టాక పాడేరులో నలుగురు విశాఖ కుర్రాళ్లు నా జీపెక్కారు. ఒకడు ఫోనులో పాట పెట్టాడు. పాటంటే మాటలేం లేవు. ధన్ ధన్ ధన్ ధన్ అని ఒకటే దెబ్బ, కొలిచి పోసినట్టు. తీసెయ్యి బాబూ అందామని నోరు తెరిచేలోగా ఆ దెబ్బే ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత రేకు మీద అరచెయ్యి పడ్డట్టు, ఠప్.

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. కుర్రాళ్లు నలుగురూ ముందుకొచ్చి పడ్డారు.

"ఏంటన్నా, ఎందుకాపావ్?"

"ఎవరో కొట్టారుగా."

"అది పాటలోది అన్నా!"

మా జీపులకి బెల్లుండదు. రేకు మీద ఒక్క దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే పోవాలి. మనిషి కొట్టాడా పాట కొట్టిందా అని కాలు అడగదు కదా.

"ఎవరిది ఈ పాట?" అన్నాను.

"డెన్మార్క్ డీజే అన్నా. హౌస్ మ్యూజిక్‌లో పెద్ద పేరు. పోయిన నెల చనిపోయాడు, అందుకే అందరూ మళ్లీ ఇవే వింటున్నారు" అని ఫోనులో బొమ్మ చూపించాడు.

బట్టతల, తెల్ల గడ్డం, ఒక చెయ్యి బల్ల మీద బోర్లించి పెట్టి ఉంది. మొహం చూడక్కర్లేదు, ఆ చెయ్యి చూస్తే చాలు, మా దొరే.

ఆయన పేరు నేను రాయను. మేమెవరమూ ఆ పేరు పలకలేకపోయాం. 'ప్లేట్ల దొర' అనేవాళ్లం. ఒక చలికాలం మొదట్లో వచ్చి చింతపల్లి దగ్గర కాఫీ తోటల్లో ఒక గది తీసుకుని ఉన్నాడు. కూడా రెండు పెట్టెల నిండా నల్లటి రికార్డు ప్లేట్లు తెచ్చుకున్నాడు. జనవరిలో అరకులో గుడారాలు వేసి ఏదో సంగీతాల పండగ పెడుతున్నారు, దానికి పిలిచారట. పిలిచిన రోజుకి రాకుండా నెలన్నర ముందే దిగిపోయాడు. ఎందుకంటే, "చప్పుళ్లు ఏరుకోవడానికి" అన్నాడు. మా వాళ్లు అడవిలో ఉసిరికాయలేరతారు, ఈయన చప్పుళ్లేరతాడన్నమాట.

డీజే అంటే మాకు తెలిసింది ఒక్కటే. వ్యాను మీద ఎత్తుగా పేర్చిన బాక్సులు, ముందు గంతులేసే పెళ్లివారు. అందుకని మొదటి రోజే అడిగాను, "ఎన్ని బాక్సులు నీకు?" అని. "ఒక్కటీ లేదు" అన్నాడు నవ్వుతూ. బాక్సుల్లేని డీజే అంటే ఎడ్లు లేని నాటుబండి కదా అని జాలేసింది. పోనీ నీ పాట ఎలా ఉంటుందో చెప్పమన్నాను. జీపు దిగి, ఇంజను ఆపకుండా నా అరచెయ్యి పట్టుకెళ్లి బానెట్టు మీద పెట్టాడు. రేకు కింద డీజిలు ఇంజను దడదడమంటోంది. "ఇదే. దీనికి ప్యాంటూ చొక్కా తొడిగితే నా పాట" అన్నాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే గనక ఒకదాన్నొకటి ఆనుకుని బాగానే నడిచాయి.

ఆయనకో అలవాటుండేది. కనబడిన ప్రతిదాని మీదా చెయ్యి బోర్లించేవాడు. కాఫీ గింజల తొక్క తీసే మర మీద, వాగు పక్కన బండ మీద, పెళ్లిలో వాయించే తుడుము మీద. కళ్లు మూసుకుని కాసేపలా ఉండిపోయేవాడు. మా వాళ్లు దీవెనలిస్తున్నాడనుకున్నారు. ఒకావిడ జ్వరమొచ్చిన పిల్లని కూడా తీసుకొచ్చింది. దొర ఆ పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి, కంగారుపడి, "ఆసుపత్రి, బేగి, బేగి!" అన్నాడు. ఆయనకొచ్చిన తెలుగులో సగం అదే.

ఇంకో అలవాటు, చూపుడు వేలు పైకెత్తి "వెయిట్" అనడం. టీ ఇస్తే వెయిట్. అన్నం పెడితే వెయిట్. "దెబ్బ ఎవడైనా కొడతాడు, ఆపి ఉంచడమే నా పని. జనం ఇంక ఆగలేరన్నప్పుడు ఇవ్వాలి" అనేవాడు. ఆగడం అనేది నా జాతకంలో లేదు. ఘాటు రోడ్డు మీద నా వెనక నా నీడ కూడా ఆయాసపడుతూ వస్తుంది.

మూడోది సీటు. షేరు జీపులో మేం డ్రైవరుకి కుడిపక్కన కూడా ఒక మనిషిని ఎక్కిస్తాం. అంటే డ్రైవరు కాస్త నడిమికి జరుగుతాడు, తలుపుకీ అతనికీ మధ్య ఒకడు ఇరుక్కుంటాడు. ఎవరూ కోరి కూర్చునే చోటు కాదది. దొర మాత్రం ఎప్పుడెక్కినా అక్కడే. ఎడమ పక్క మెత్తటి సీటు ఖాళీగా ఉన్నా సరే, తల అడ్డంగా ఊపి కుడి వైపుకొచ్చేవాడు. లోయ బాగా కనిపిస్తుందని కాబోలనుకున్నాను.

ఆ సీటుకో ఉద్యోగం ఉంది. పొగమంచు పడ్డప్పుడు మలుపుల్లో ఏమీ కనబడదు. డ్రైవరు నడిమికి ఉంటాడు, పైగా ఇంజను రొద. అప్పుడు కుడిపక్కవాడే తల బయటపెట్టి, ఎదురుగా బండి హారను గానీ మోత గానీ వినబడుతోందేమో చెప్పాలి. వాడు ఊఁ అంటే ఆపుతాం, చెయ్యి ఊపితే పోతాం. జీపుడు మంది ప్రాణాలు వాడి చెవిలో ఉంటాయి.

పండగకి రెండ్రోజుల ముందు, బాక్సులు సరిచూసుకోవాలని, దొరని అరకు తీసుకెళ్లడానికి నిర్వాహకుల తరఫున ఒక కుర్రాడొచ్చాడు. మెడలో బిళ్ల, చేతిలో రెండు ఫోన్లు, పేరడిగితే కోఆర్డినేటర్ అన్నాడు. కారు తెచ్చాడు. దొర మాత్రం నా జీపే అన్నాడు. ఆరోజు సంత. జీపు నిండా జనం. నా వెనకాలే మిరియాల మూట మీద సోములమ్మప్ప కూర్చుంది. నేను క్లీనరుగా వేలాడిన రోజుల్నుంచీ నా జీపులో తిరిగే మనిషి. ఈ కొండల్లో నా జోకులకి నవ్వనిది ఆమె ఒక్కతే. కోఆర్డినేటరు నా ఎడమపక్క. దొర కుడిపక్క, మెడలో చప్పుళ్లు పట్టే చిన్న మిషను, దానికో ఎర్ర దీపం.

జి.మాడుగుల దాటాక మంచు దిగింది. అలాంటిలాంటి మంచు కాదు. వైపరు కొడుతుంటే గాజు శుభ్రమవుతోంది, అవతల మాత్రం ఏమీ లేదు.

"దొరా, నువ్వే చూడాలి" అని చెవి చూపించి, రోడ్డు చూపించాను. మనసులో ఎంత ధీమా అంటే, ఇన్నేళ్లలో ఇంత గొప్ప చెవి నా కుడిపక్క కూర్చోలేదు. సంగీతగాడు! మంచు బొట్టు ఆకు మీద పడినా చెబుతాడు. జీపులో అందరికీ అదే చెప్పాను కూడా. "ఇయ్యాల మనకి డెన్మార్కు చెవి ఉంది, ఎవరూ భయపడకండి" అన్నాను. నవ్వారు. దొర ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి కోఆర్డినేటరుని చూశాడు. తలూపాడు.

మొదటి మలుపు పోయాం. రెండోది పోయాం. తర్వాతది కుడికి బాగా వంకర తిరిగే మలుపు, పక్కన లోయ. దొర అదోలా కదులుతున్నాడు. తల బయటపెట్టకుండా నడుం తిప్పి వెనక్కి, సోములమ్మప్ప వైపు మొహం పెట్టాడు.

"ఏటి దొరా, ఏదైనా వత్తందా?" అని అడిగాను.

చెయ్యి ఊపాడు. పోనీ అన్నట్టు.

పోనిచ్చాను.

ఠప్!

నా వెనకాలే రేకు మీద ఒకే ఒక్క దెబ్బ, సోములమ్మప్పది. నా కాలు బ్రేకు మీద పడింది, జీపు అడ్డంగా జారి ఆగింది. మంచులోంచి రెండు పచ్చ దీపాలు, వాటి వెనక బస్సు, హారను మోగుతూనే ఉంది. ఎప్పట్నుంచి మోగుతోందో. మా కుడి అద్దాన్ని రాసుకుంటూ వెళ్లింది. అద్దం విరిగి దొర ఒళ్లో పడింది. బస్సులోంచి డ్రైవరు మా అమ్మనీ మా అమ్మమ్మనీ గుర్తుచేసుకుంటూ వెళ్లిపోయాడు.

జీపులో ఎవరిదో కోడి అరిచింది.

ముందుగా తేరుకున్నది కోఆర్డినేటరే. "సార్‌కి వినిపించలేదా? అంత పెద్ద హారన్! నాకే వినిపించింది... సార్, ఆర్ యూ ఓకే? మీ చెవులు..." అని ఆగి, దొర మొహంలోకి చూస్తున్నాడు. ఒక చేతిలో ఫోను పైకి లేచింది.

దొర మొహం మంచుకంటే తెల్లగా ఉంది. విరిగిన అద్దం చేత్తో పట్టుకుని అందులోకే చూస్తున్నాడు.

అప్పుడు వెనకనుంచి సోములమ్మప్ప అందుకుంది. "ఆ బాబునేటి అంతావు? నేనే పలకరించినాను. ఓ దొరా, మీ ఊళ్లో మిరియాలు పండుతాయా అని అడిగినాను. పెద్దదాన్ని పిలిస్తే ఇటు తిరిగినాడు. ఆపాటికి బస్సొచ్చింది. తప్పు నాది. ఏటి, నన్నేటి సేత్తావు?"

కోఆర్డినేటరు ఫోను దించాడు. నాకు ఒళ్లు మండింది. "పొగమంచులో కబుర్లేటప్పా నీకు? మిరియాలు డెన్మార్కులో పండితే నీకెందుకు, మానితే నీకెందుకు?" అని కేకలేశాను. ఆమె మూట సర్దుకుంది.

పాడేరులో టీకి ఆపాను. కోఆర్డినేటరు ఫోను మాట్లాడుకుంటూ దూరం పోయాడు. దొర నన్ను జీపు వెనక్కి తీసుకెళ్లాడు. కుడి చెవి మీద వేలు పెట్టి కొట్టాడు, మూసిన కొట్టు తలుపు కొట్టినట్టు.

"ఇది పోయింది. మొత్తం. ఎప్పుడో" అన్నాడు.

నాకు అర్థం కావడానికి టీ చల్లారినంత సేపు పట్టింది. కుడిపక్క సీటు లోయ కోసం కాదు. అక్కడ కూర్చుంటే పనిచేసే ఎడమ చెవి జీపు వైపు, మనుషుల వైపు ఉంటుంది. ప్రతిదాని మీదా చెయ్యి బోర్లించేది దీవెనలకి కాదు, చేత్తో వింటున్నాడు. ఇందాక మలుపులో వెనక్కి తిరిగింది ఎడమ చెవిని కిటికీకి పెట్టాలని. అది చాల్లేదు. నేను జీపుడు మందినీ తీసుకెళ్లి చచ్చిపోయిన చెవిలో పెట్టాను, పైగా డప్పు కొట్టి మరీ.

"ముందే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాను. అరిచానేమో.

"వాడు మన పక్కనే కూర్చున్నాడుగా" అని దూరంగా కోఆర్డినేటరుని చూపించాడు. "వాడికి తెలిస్తే పండగ పోతుంది. పండగతో పోదు, వేసవిలో మా వైపు పండగలకి నన్ను పిలిచిన వాళ్లు కూడా ఒక్కొక్కరే మానుకుంటారు. ఒంటి చెవి డీజేని ఎవరు పిలుస్తారు? కుర్రతనం నుంచీ ఇదే చేశాను. నాకింకోటి చేతకాదు." కాస్త ఆగి, "చెప్పను అను. దయచేసి" అన్నాడు.

చెప్పనన్నాను. అనేశాక భయమేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని చింతపల్లి సంతలో కోళ్లకి కూడా తెలుసు.

అరకులో కోఆర్డినేటరూ జనమూ దిగిపోయాక ఆయన పని సంగతి చెప్పాడు. ఒక ప్లేటు బయట జనానికి మోగుతుంటే, రెండోది ఆయన ఒక్కడికే చెవిగొట్టంలో వినబడుతుంది. రెండు దెబ్బలూ ఒకదాని మీదొకటి సరిగ్గా పడేలా కలిపి, మొదటిది మెల్లగా తీసేయాలి. జనానికి అతుకు తెలియకూడదు. దానికి ఒక చెవి లోపలికి, ఒక చెవి బయటికి కావాలి. ఇప్పుడు మిషనే కలిపేస్తుందట, బటన్ నొక్కితే చాలు. కానీ ఈయనని పిలిచేదే చేత్తో కలుపుతాడని. మరి ఒంటి చెవితో ఎలా అంటే, "ఒక బాక్సు నా తొడకి ఆనించి పెట్టుకుంటాను. బయటి దెబ్బ కాలితో వింటాను, లోపలిది చెవితో" అన్నాడు. ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదట.

పండగ రోజు ప్లేట్ల పెట్టెలు నేనే మోశాను. పొద్దు వాలుతోంది, కొండల నీడ మైదానం సగం దాకా వచ్చింది. జనం బాగా ఉన్నారు. దొర ఎక్కి బల్ల వెనక నిలబడ్డాడు, మొదటి ప్లేటు వేశాడు, ధన్ ధన్ ధన్ ధన్. ఎడమ చెవికి గొట్టం పెట్టుకున్నాడు. కుడి కాలు పక్కకి జరిపాడు. ఇంకాస్త జరిపాడు. కిందికి చూశాడు.

బాక్సు లేదు.

కోఆర్డినేటరు దాన్ని వెనక్కి లాగించేశాడు. ఫోటోల్లో వికారంగా పడుతోందట. ఎందుకు కావాలని అడిగితే దొర ఏం చెబుతాడు? ఆయన చూపు జనం మీంచి వెతుక్కుంటూ వచ్చి నా మీద ఆగింది. మొదటి ప్లేటు అయిపోవస్తోంది.

నేను మెట్లెక్కాను.

"హలో, ఏం బాబూ, డ్రైవర్లు స్టేజి మీదికి రాకూడదు" అని కోఆర్డినేటరు చొక్కా పట్టుకున్నాడు.

చెప్పేద్దామా అనిపించింది. ఒక్క మాట. బాక్సు వెనక్కొచ్చేస్తుంది, దొర గుట్టూ బయటకొచ్చేస్తుంది. నాలుక అంచు దాకా వచ్చింది. మింగాను.

"ఏ ప్లేటు ఏ పెట్టెలో ఉందో నాకే తెలుసు బాబూ. నువ్వు తీసిస్తావా? తేడా వస్తే నువ్వే పాడాలి మరి" అన్నాను. చొక్కా వదిలాడు.

దొర కుడిపక్కన నిలబడ్డాను. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అరచెయ్యి ఆయన కుడి భుజం మీద వేసి, బయట మోగుతున్న దెబ్బని అలాగే కొట్టడం మొదలుపెట్టాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం కళ్లు మూసుకున్నాడు. వేళ్లు రెండో ప్లేటు అంచు మీదికి వెళ్లాయి.

నాకు చెమటలు. నా చెయ్యి ఎప్పుడూ తొందరే. అది ముందుకెళ్తే ఆయన ముందుకెళ్తాడు, ఇంతమంది ముందు అతుకు ఊడిపోతుంది. రెండో ప్లేటు లోపలికొచ్చింది. ఒక్కసారిగా రెండు దెబ్బలూ విడిపోయి, చెక్క వంతెన మీద రెండు గుర్రాలు పరిగెత్తినట్టు దడదడ, దడదడ. ముందు వరసలో వాళ్లు తలలెత్తారు. కోఆర్డినేటరు మెట్ల మీదికొచ్చాడు.

"వెయిట్" అన్నాడు దొర, నాకే.

చెయ్యిని నమ్మలేక కాళ్లని నమ్ముకున్నాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని నేర్పిన థింసా అడుగు వేశాను. ముందుకి, వెనక్కి, పక్కకి. థింసాలో ఒంటిగా తొందరపడ్డానికి లేదు, పక్కవాళ్ల నడుము చుట్టూ చెయ్యుంటుంది, ఒకడు ఉరికితే వరసంతా పడిపోతుంది. పక్కన మా అమ్మ ఉందనుకున్నాను, వరసంతా ఉందనుకున్నాను. కాళ్లు దారిన పడ్డాక చెయ్యి వాటి మాట విన్నది. ప్లేటు అంచు మీద దొర వేలు కాస్త నొక్కింది. గుర్రాలు రెండూ ఒకటయ్యాయి.

జనం కేకలు వేశారు. స్టేజి మీద డ్రైవరు గంతులేస్తుంటే అదీ పాటలో భాగమే అనుకున్నారు. కోఆర్డినేటరు కూడా ఫోను పెట్టి వీడియో తీశాడు.

పొద్దు గుంకేదాకా కొట్టాను. భుజం మీద ఎన్ని ప్లేట్లు దాటించామో తెలియదు. చివర్లో ఆయన వేలెత్తి మొత్తం ఆపేశాడు. బయట చప్పుడే లేదు, నా చెయ్యి మాత్రం భుజం మీద ఆడుతోంది. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన ఆపాడు, ఇంకా ఆపాడు, నేను చచ్చిపోతాననుకున్నాను. అప్పుడు, నా అరచేతి కింద పడాల్సిన దెబ్బ దగ్గర, సరిగ్గా అక్కడ, ప్లేటు వదిలాడు.

వెళ్లిపోయే రోజు కుడిపక్కే కూర్చున్నాడు, అద్దం లేని వైపు. దిగాక నా గుండె మీద అరచెయ్యి బోర్లించి కాసేపు విన్నాడు. "మంచి ఇంజను. కొంచెం తొందర" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఎక్కడెక్కడో ప్లేట్లు కలుపుతూనే ఉన్నాడట. మొన్న విశాఖ కుర్రాడు ఫోనులో చదివి వినిపించాడు, ఆయన గురించి ఎవరో రాశారు. 'అలాంటి చెవి మళ్లీ పుట్టదు' అని. నా నోరు పూర్తిగా తెరుచుకుంది. ఇంతలో మలుపు వచ్చింది. హారను కొట్టి ఊరుకున్నాను.

కానీ చనిపోయిన మనిషి గుట్టు ఎంతకాలం మోస్తాం? పైగా పాటలో ఆ ఠప్ ఎవరిదో నాకు తెలుసు. ఆరోజు దొర మెడలో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. కుర్రాళ్ల దగ్గర ఆ పాట నా ఫోనులోకి ఎక్కించుకుని, మర్నాడే సోములమ్మప్ప ఇంటికెళ్లాను. కాఫీ గింజలు ఆరబోస్తోంది. పాట వినిపించాను. ఠప్ దగ్గర ఆమె చెయ్యి గింజల మీద ఆగింది.

"నీ చెయ్యే అప్పా. దేశదేశాల్లో మోగుతోంది" అన్నాను. దొర పోయాడని చెప్పాను. ఆమె తలొంచుకుని మళ్లీ గింజలు తిరగేయసాగింది. ఇంక ఆపుకోలేక, చెవి సంగతీ, పాడేరులో మాటిచ్చిన సంగతీ, భుజం సంగతీ అన్నీ కక్కేశాను. "నీ వల్ల జరిగిందని ఆరోజు కేకలేశాను గానీ, నీ మిరియాల కబురు కాదప్పా కారణం. ఆయనకి వినబడదు. ఇన్నేళ్లూ ఈ గుట్టు నేనొక్కణ్ణే కడుపులో దాచుకున్నాను. నా నోరు ఆగదంటావు కదా, చూశావా?" అన్నాను.

సోములమ్మప్ప గింజలు తిరగేస్తూనే, తలెత్తకుండా అంది: "ఓరి గుంటడా, ఆ దొరతో నేను మిరియాల మాటే ఎత్తలేదు. ఆయేళ ఆయన ఇటు తిరిగి ఎడం సెవి కిటికీకెట్టినప్పుడే ఆ సెవి సంగతి ఆ బిళ్ల బాబుకి తప్ప జీపులో ఉన్నోళ్లందరికీ తెలిసిపోనాది, అందరం దాసినాం. అది దాయడం మాకేటి కట్టం కాదు. నీకు తెలీకుండా దాయడమే పేణం తీసింది."